నాలుగు కోట్ల అంకెల సంఖ్య

మా ఆయన మునిశేఖర్ పరీక్ష పెట్టిన సంఖ్యకు నాలుగు కోట్ల పైచిలుకు అంకెలు. పద్నాలుగు కోట్ల చిల్లర రెండ్లను వరసగా గుణించి, అందులోంచి ఒకటి తీసేస్తే వస్తుంది. దాన్ని ఒకటీ, తానూ తప్ప ఇంకేదీ భాగించకపోతే అది ప్రధాన సంఖ్య. ఇప్పటిదాకా ఎవరికీ దొరకనంత పెద్దది, తిరుపతిలో, మా హాల్లో. అవునో కాదో మా కంప్యూటరు నలభై మూడు రోజులు లెక్క వేసింది.

ముప్పై ఏళ్ళు కాలేజీలో పాఠాలు చెప్పి, సగంలో ఆగిన పీహెచ్‌డీని బీరువా మీద పెట్టుకున్న మనిషి. వచ్చే నెల రిటైర్‌మెంటు. ఈలోగా ఒక్కటైనా తన పేరు మీద ఉండాలని ఆశ.

నేనూ బీఎస్సీ లెక్కలే. లక్షల్లో ఒక సంఖ్యకు కూడా ఈ యోగం పట్టదని తెలిసీ నోరెత్తలేదు. టేబుల్ ఫ్యాను కంప్యూటరుకు పెట్టి మేము పేపరుతో విసురుకున్నాం. మిక్సీ వేస్తే ఫ్యూజు పోతుందని పచ్చడి రోట్లో నూరాను.

మొన్న శుక్రవారం తిరుచానూరులో ఆ సంఖ్య పేరున అర్చన కూడా చేయించారు. పూజారి పేరు అడిగితే, ఎన్ని రెండ్లో రాసిన చీటీ ఇచ్చారు.

"ఫోన్ నంబరు ఎందుకు సామీ? ఇందులో ఒక అంకె తక్కువ కూడా ఉండాది."

"అదే పేరు."

"గోత్రం?"

ఈయన కాసేపు ఆలోచించి మా గోత్రమే చెప్పారు. నేను ఆ పక్క క్యూలో ఎవరో తెలిసినవాళ్ళు ఉన్నట్టు చూశాను.

ఈ పొద్దున ఆయన స్నానానికి పోయినప్పుడు తెర మీద ఒక్క వాక్యం వచ్చింది. ప్రధాన సంఖ్య కాదు. టిఫిను తినేదాకా తెర ఆపేద్దామా అనుకున్నాను. అంతలో తల తుడుచుకుంటూ వచ్చేశారు. తెర చూడలేదు, నా మొహం చూశారు.

"దేంతో పోతుందట?"

"చెప్పలేదండీ."

"చెప్పదు," అన్నారు.

ఆ పరీక్ష పద్ధతే అంత. ఏదో ఒకటి దీన్ని భాగిస్తుందని మాత్రం ఖాయంగా తేలుస్తుంది. ఏదన్నది చెప్పడం దానికి చేతకాదు. వెతుకుదామంటే ఎన్ని జన్మలెత్తినా చాలవు.

మా అత్త చంద్రకాంతమ్మ వంటింట్లోంచి వచ్చింది. "ఏమైంది నాయనా?"

"కాదంట మా."

"ఎందుకు కాదంట?"

"అది చెప్పలేదు మా."

"అడిగి సూడు. అన్ని దినాలు ఫ్యాను వేసినామే దానికి."

ఆయన కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నారు.

"మూడుతో పోదు," అన్నారు.

"పోదండీ."

"ఏడు."

"పోదు."

చిన్న సంఖ్య దేంతోనూ పోదని కంప్యూటరు మొదటిరోజే చూసేసిందని నాకు తెలుసు. నాకు ఆ సంగతి చెప్పిందే ఆయన.

"పదకొండు," అన్నారు, రాసుకుంటూ.