తనిఖీ చేసినవారు

వంటింటి అరల్లో పాత కాగితాలు తీసేసి కొత్తవి పరుస్తున్నాం, అత్తయ్యా నేనూ. కొత్తవంటే మా ఆఫీసులో పనికిరాక పక్కన పడేసిన యంత్ర భాగాల డ్రాయింగులే. మందంగా ఉంటాయని నేనే మోసుకొస్తాను. మా ఆయనకి ఆ రోజు సెలవు. సెలవంటే హాల్లో పడుకుని ఫోను చూసుకోవడం అన్నమాట. అత్తయ్య కళ్లజోడు సవరించుకుని ఒక కాగితం కింది మూలనున్న గడి మీద వేలు పెట్టింది.

"అమ్మాయ్, ఇక్కడ ఎవరిదీ పేరు?"

"మా టీమ్ లీడర్‌ది. తనిఖీ చేసినవారు పేరు రాసే గడి అది."

"మరి తనిఖీ ఎవరు చేశారు?"

"నేనే."

"ఇదెక్కడి న్యాయం?"

"మా ఆఫీసులో అంతే అత్తయ్యా."

"మా కొట్లోనూ అంతే," అంది అత్తయ్య. ఆ సంగతి నాకు తెలీదు. మామయ్యగారికి టైలరింగ్ షాపు ఉండేదని తెలుసు, ఆయన కుట్టు గట్టిదని చుట్టాలంతా పొగడటం తెలుసు. "మాస్టరని పేరే గానీ మీ మామయ్య చేతికి సూది గుచ్చుకుంటే ఒట్టు. కొలతలు తీసుకుని డబ్బు పుచ్చుకునేవారు, అంతే. ముప్పై ఏళ్లు కుట్టాను. ఒక్కళ్లకైనా తెలుసా?" అని, కాగితాన్ని అరలో పరిచి డబ్బాలు సర్దేసింది.

నా పని చెప్పడం తేలికే. ఒకరు అంగుళాల్లో గీస్తారు, ఇంకొకరు అదే ఫైలును మిల్లీమీటర్లనుకుని కంప్యూటర్లో తెరుస్తారు. అడుగు పొడవు కమ్మీ కాస్తా చింతగింజంత అయి కూర్చుంటుంది. కంగారులో మొత్తం మోడల్‌ని సాగదీస్తారు, అప్పటిదాకా సరిగ్గా ఉన్న బోల్టులు రోకలిబండలైపోతాయి. ఏది తప్పో, ఏది మొదటినుంచీ సరిగానే ఉందో విడదీసి, తప్పును అది పుట్టినచోటే దిద్దాలి. "మా ఆవిడ పనేముంది, బొమ్మల్ని పెద్దవీ చిన్నవీ చేయడమే" అని మా ఆయన స్నేహితుల్ని నవ్విస్తారు. నేనూ వాళ్లతోపాటు నవ్వి కాఫీ కప్పులు తీసేదాన్ని. వారంలో రెండు రోజులు ఇంటినుంచి పనిచేస్తాను కాబట్టి "ఇంట్లోనే ఉంటావుగా" అన్న మాట తయారుగా ఉంటుంది. ప్లంబరొచ్చినా, బడినుంచి ఫోనొచ్చినా, గ్యాస్ బండ వచ్చినా నేనే లేవాలి. ఆఫీసులో టీమ్ లీడర్‌ది ఇంకో పాట. "గడిలో ఎవరి పేరుంటే ఏంటమ్మా, టీమంతా ఒకే కుటుంబం కదా!" కుటుంబం అన్న మాట వినగానే నోరు మూసుకోవడం నాకు పెళ్లినాటినుంచీ అలవాటు. "నిజమే సార్" అన్నాను నాలుగేళ్లూ. పోయిన నెల తనిఖీ విభాగానికి హెడ్‌ని వేస్తామంటే నేనూ దరఖాస్తు పెట్టాను. "నువ్వు తనిఖీ చేసినట్టు ఆధారమేదమ్మా?" అన్నారు పైవాళ్లు. నాలుగేళ్ల డ్రాయింగులు తిరగేస్తే నా పేరున్నది ఒక్కటీ లేదు. ఆ రోజు బాత్రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చాను.

అరలు సర్దడం అయ్యేసరికి పదకొండైంది. ఆ రోజు నాకు ఇంటినుంచే పని. ఫైలొచ్చింది, చక్రాల కుర్చీలో కాళ్లు పెట్టుకునే పలకది. నాలుగింటికల్లా రేకులు కోసే కటింగ్ షాపుకి వెళ్లిపోవాలట. "ఒకసారి అలా చూసి పంపెయ్యమ్మా" అని కింద టీమ్ లీడర్ రాసిన ముక్క. మోడల్ చూడటానికి ముచ్చటగా ఉంది. బోల్టు రంధ్రాల మధ్య దూరం కొలిచాను. సరిగ్గా మూడొందల మిల్లీమీటర్లు. అంత గుండ్రని అంకె చూసేసరికి అనుమానమొచ్చింది. అసలు ఫైలు తీసి చూస్తే పన్నెండు అంగుళాలు. అంటే మూడొందల నాలుగు పాయింట్ ఎనిమిది ఉండాలి. అంగుళానికి ఇరవై ఐదు పాయింట్ నాలుగుతో హెచ్చించాల్సింది పోయి, ఎవరో మహానుభావుడు ఇరవై ఐదుతో సరిపెట్టేశాడు! కంటికి తేడా తెలీదు. పలకలు కోసి కుర్చీకి బిగించబోతే మాత్రం రంధ్రాలు ఒకదానికొకటి ఎదురుపడవు, కోసిన రేకంతా తుక్కే.

మళ్లీ సాగదీయలేదు. అసలు ఫైలు అంగుళాల్లో ఉందని కంప్యూటర్‌కి చెప్పి మళ్లీ మొదటినుంచీ తెరిచాను, ప్రతి కొలతా చూశాను. మధ్యలో బెల్లు మోగితే లేవబోయాను. "నువ్వు కూర్చో" అని అత్తయ్యే వెళ్లింది. మూడున్నరకి అంతా సిద్ధం. గడిలో ఎప్పటిలాగే టీమ్ లీడర్ పేరు ముందే ఉంది. దాన్ని చెరిపి నా పేరు కొట్టాను. ఇంటిపేరుతో సహా, పుట్టింటిది. కిందనే ఏం తప్పు, ఎలా సరిచేశానో రెండు వాక్యాలు రాసి పంపేశాను. "అందింది మేడమ్, మొదలుపెడుతున్నాం" అని కటింగ్ షాపునుంచి జవాబొచ్చింది. నాకు, నా పేరుకి వచ్చిన మొదటి జవాబు. రెండుసార్లు చదువుకున్నాను.

పది నిమిషాల్లో టీమ్ లీడర్ ఫోను.

"ఇదేంటమ్మా, గడిలో నీ పేరుంది?"

"తనిఖీ నేనే చేశాను కదా సార్."

హాల్లోంచి మా ఆయన గొంతు: "టీ ఏమైంది?"

"తను ఫోన్లో ఉంది, నువ్వే పెట్టుకో," అంది అత్తయ్య. "నాక్కూడా ఓ కప్పు."

ఫోన్లో టీమ్ లీడర్ గొంతు తగ్గించి, నా మంచి కోరేవాడిలా అన్నారు. "నీ ఇష్టం. కానీ ఆలోచించుకో. పేరు పెట్టాక రేపేదైనా తప్పొస్తే నీ మీదకే వస్తుంది."

భయం వేయలేదని అబద్ధమాడను.

"రానివ్వండి సార్," అన్నాను. "నేను చేసిన ఒప్పులన్నీ ఇన్నాళ్లూ మీ మీదకే వచ్చాయి కదా."