బొటనవేలి కింద

కత్తి బావ కడుపులోంచి బయటికొచ్చేసరికి ఆమె ఇంకా బోటు తాడు విప్పుతూనే ఉంది.

జెట్టీ మీద ఇద్దరిని పొడిచి పరుగెత్తుకొచ్చిన ఎర్రచొక్కావాడు బోటులోకి దూకి "తియ్!" అన్నాడు. "ముందు నువ్వు దిగు" అన్నాడు బావ. అంతే, పొడిచేశాడు. ఆమె అక్క మొగుడు, ఆమెకు బోటు నడపడం నేర్పిన మనిషి, సీట్ల మధ్య కూలబడ్డాడు. అదిమిపట్టిన వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారుతోంది.

ఆస్పత్రి అవతలి ఒడ్డున, పది నిమిషాల దూరం. వాడి కత్తి చూపించింది మడ అడవుల వైపు. గంట ప్రయాణం. బావ దగ్గర గంట లేదు.

"ఫుల్లు కొట్టు పిల్లా! స్పీడు తగ్గిందో, మీ ఆయన పీక కోస్తా."

"మా ఆయన కాదు, మా బావ."

"ఎవడైతేనేం, పీక ఒకటేగా!"

ఆమె థ్రోటిల్ ముందుకు తోసింది. వాడి చూపంతా ఆ మీట మీదే. దాని పక్కన, ఆమె బొటనవేలి కింద ఉన్న ట్రిమ్ బొత్తాం వాడి కంట పడలేదు. పైకి నొక్కితే వెనక ఇంజను వాలు మారి బోటు ముక్కు లేస్తుంది. కిందికి నొక్కితే ముక్కు నీళ్లలోకి వంగుతుంది. వేగంలో ఆ లెక్క తప్పితే బోటు మనిషిని విసిరికొడుతుంది.

పైకి నొక్కింది. ముక్కు ఆకాశానికి లేచి దబ్బుమని పడింది. మళ్లీ లేచింది, మళ్లీ పడింది. పడ్డప్పుడల్లా బావ కేక ఆమె వెన్నులో దిగింది.

"సీటు కాలు పట్టుకో బావా! చచ్చినా వదలకు!"

"ఏంటే ఈ కుదుపు?"

"స్పీడు కావాలన్నావుగా."

వాడు కత్తి పిడితో ఆమె చెవి మీద కొట్టాడు. కళ్లు బైర్లు కమ్మాయి. చెయ్యి మాత్రం మీట వదల్లేదు.

"ముందేముందో కనబడట్లేదు!" వాడు కమ్మీ పట్టుకుని బోటు ముందుభాగం మీదికి ఎక్కాడు. "ముక్కు దించు!"

"ఎంత?"

"మొత్తం దించవే!"

దించింది. వేగం తగ్గించకుండా, బొత్తాం చివరిదాకా నొక్కిపట్టి, స్టీరింగ్ ఎడమకి విరిచేసింది. ముక్కు నాగలిలా నీళ్లలో దిగబడింది. బోటు వెనకభాగం కొరడాలా తిరిగింది. వాడి మొహం కమ్మీకి కొట్టుకున్న చప్పుడు ఇంజను హోరులోనూ వినబడింది. పళ్లూ, నెత్తురూ, ఎర్రచొక్కా, అన్నీ కలిసి నీళ్లలో పడ్డాయి.

ఆ తిరుగుడుకి బోల్తా పడకుండా ఆమె మీట వెనక్కి లాగింది, బోటు దాదాపు ఆగిపోయింది. అదే వాడికి కలిసొచ్చింది. వెనక ఉన్న నిచ్చెన దొరకబుచ్చుకున్నాడు.

"అక్కా... చెయ్యివ్వక్కా!"

"ఇందాక పిల్లని, ఇప్పుడు అక్కనా? కాళ్ల దగ్గర ప్రొపెల్లరుంది, వదిలెయ్!"

వాడు వదల్లేదు. ఒళ్లు పైకి లాక్కుని, ఇంజనుకి పెట్రోలు వెళ్లే గొట్టం పట్టుకుని గుంజాడు. "నన్నొదిలి ఎట్టా పోతావో చూస్తా!"

గొట్టం ఊడితే ఇంజను ఆగుతుంది. ఇంజను ఆగితే బావ ఆగిపోతాడు.

మీట చివరిదాకా తోసేసింది. వాడి కేక సగంలో తెగింది. ఇంజను ఒక్కసారి పొలమారి, మళ్లీ సాఫీగా తిరిగింది. ఆమె వెనక్కి చూడలేదు. బోటు ముక్కు ఆస్పత్రి వైపు తిప్పింది.

"బావా, మాట్లాడు! అక్క నన్ను చంపేస్తుంది!"

బావ కళ్లు సగం తెరిచాడు. తర్వాత సన్నగా, "ట్రిమ్ము... ఇంకాస్త పైకి. ఇంజను మూలుగుతోంది."

"నువ్వు మూలగట్లేదా?" ఏడుస్తూనే కసిరింది. రెండుసార్లు నొక్కింది. బోటు తేలికై ఉరికింది.

ఆస్పత్రి రేవులో ఇద్దరు బావని స్ట్రెచర్ మీదికి మార్చారు. నర్సు మణికట్టు పట్టుకుని చూసి, "నాడి ఉంది, పదండి" అంది. ఆ మాట చెవిన పడ్డాకే ఆమె ఇంజను ఆపి ఒడ్డుకి దూకింది.

రేవు కాపలాదారు బోటు నిండా ఉన్న నెత్తుటిని చూసి నోరెళ్లబెట్టాడు. "ఎంతమంది వచ్చారమ్మా?"

"బయల్దేరింది ముగ్గురం" అందామె, స్ట్రెచర్ వెంట పరుగెడుతూ.