రెక్కల సందున మట్టి

డెబ్భై నాలుగులో పామర్రు బంకు దగ్గర జనం డీజిలు కోసం కొట్టుకుంటుంటే, మా ఆయన లాజరు ఊకతో నడిచే ఇంజను చేశాడు. బెజవాడ గవర్నర్‌పేటలో ఫిట్టరు లెండి. మంట బయట పొయ్యి పెట్టెలో, లోపల ఉండేది ఉత్త గాలి. పొయ్యిలోకి దించిన ఇనప టోపీ కాలితే ఆ గాలి పొంగి చక్రాన్ని తోస్తుందట. టోపీ వేడిని బాగా లాక్కోవాలని చుట్టూ రెక్కలు వెల్డింగు చేయడానికే మూడు నెలలు పట్టింది.

నా తమ్ముడు బాలశౌరి ఆయన మాట నమ్మి డీజిలు క్యూలో నిలబడలేదు. వాడి నారుమడి నెర్రెలిచ్చింది. మేం ఇంజను వాడి చేను గట్టుకు చేర్చిన రోజు, సాయంత్రంలోగా నీళ్లు పడకపోతే నారు చచ్చినట్టే.

పొద్దున రాజేశాం. మధ్యాహ్నమైంది. చేత్తో తిప్పితే చక్రం రెండు చుట్లు తిరిగి ఆగిపోతోంది.

"ఏం బావగారూ?" అన్నాడు తమ్ముడు ఇరవయ్యోసారి.

"వేడి లోపలికి పోవట్లేదయ్యా. నా డిజైనే తప్పు. దీన్ని పగలగొట్టి పారేస్తా," అంటూ ఆయన సుత్తి అందుకున్నాడు.

అప్పుడు వెలిగింది నా పాడు బుర్రకి! గిన్నె పొయ్యెక్కించే ముందు అడుగున మట్టి పూస్తాం కదా, లేకపోతే మసి తోమలేక చావాలి. పొద్దున ఆయన పంపు బిగిస్తూ నన్ను ఊక నింపమన్నాడు. కొత్త టోపీ నల్లబడిపోతుందే అని, పొయ్యిలో చెయ్యి పెట్టి దానికీ పూశాను. రెక్కల సందుల్లో వేలు పెట్టి మరీ!

తమ్ముడి మొహం చూశాను.

"ఏవండీ, ఆగండి! దానికి నేను మట్టి పూశాను."

"మట్టా? దేనికే?"

"మసి పట్టకుండానండీ..."

ఆయన సుత్తి పడేసి నెత్తి కొట్టుకున్నాడు. తిట్టినా బావుండేది. టోపీ చల్లారడానికి గంట పట్టింది, ఆ గంటలో నేను గుణదల మాతకు మొక్కని మొక్కు లేదు. తర్వాత కొడవలి మొనతో సందు సందూ నేనే గీకాను.

మళ్లీ రాజేస్తే ఈసారి చక్రం ఆగలేదు. కానీ పంపు తగిలించగానే నీరసించింది. నీళ్లు గొట్టం సగం దాకా వచ్చి జారిపోతున్నాయి. పొద్దు వాలుతోంది. ఆయన పొయ్యి పెట్టె పక్కన చెయ్యి పెట్టబోయి, సెగకు చటుక్కున లాక్కుని, నా వంక చూశాడు.

"తెరేసా, ఆ మట్టి ఇంకా ఉందా?"

"ఏం, నా నోట్లో కొడతారా?"

"కాదే. పెట్టెకు బయట పూయి, చుట్టూరా, మందంగా. నువ్వు పూస్తే వేడి దాటదని తేలిపోయిందిగా!"

ఏడుస్తూనే పూశాను. వేళ్లు చురుక్కుమంటున్నా ఆపలేదు. మెల్లగా చక్రం ఊపందుకుంది. గొట్టం రెండుసార్లు దగ్గి, భళ్లున నీళ్లు కక్కింది. బాలశౌరి ఆ తడిలోనే కూలబడిపోయాడు.

మా ఆయన నా బురద చేతులు పట్టుకుని గొట్టం కింద పెట్టాడు.

"కాలాయా?"

"లేదండీ," అన్నాను. ఈసారి మాత్రం నిజం చెప్పలేదు.