అరవై ఒక్క షాటోలు

'షాటో' అన్న మాట పలకడానికి సత్యదేవ్‌కు మూడు మంగళవారాలు పట్టింది. మొదటివారం 'చాటో' అన్నాడు. రెండోవారం 'చాట్యూ' అన్నాడు. మూడోవారం ఎలాగో సరిగ్గా అనేసి, ఆ మాటను తానే పుట్టించినట్టు కుర్చీలో వెనక్కి వాలాడు.

"బాగా అన్నారు సార్," అంది ఎదురుగా కూర్చున్న కల్పలత.

ఆమె ముఖంలో చిరునవ్వు చెదరలేదు. సూపు చల్లారిందని గిన్నె వెనక్కి తోసేవాళ్ల ముందూ, చిటికె వేసి పిలిచేవాళ్ల ముందూ పదమూడేళ్లుగా నిలబెట్టుకొచ్చిన చిరునవ్వు అది. లోపల మాత్రం, ఈయన కంటే మా వీధి చిలక నయం, రెండు రోజుల్లో నేర్చుకుంటుంది అనుకుంది.

కల్పలతది చిలకలగూడ. సికింద్రాబాద్‌లోని ఒక పాత క్లబ్బులో సీనియర్ స్టీవార్డు. రెండేళ్ల కిందట క్లబ్బువాళ్లు ఆమెను వైన్ల పరీక్షకు పంపారు. ఆ పరీక్షలో ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతం ఒక్కటే సగం పుస్తకం. అక్కడి ద్రాక్షతోటల ఎస్టేట్లను షాటోలంటారు. 1855లో ప్యారిస్‌లో జరిగిన ప్రదర్శన కోసం వాటిలో గొప్పవాటిని ఐదు తరగతులుగా విడగొట్టారు. ఇప్పుడవి అరవై ఒకటి. ఆ పేర్లన్నీ తెలుగు అక్షరాల్లో ఆర్డరు పుస్తకాల అట్టల వెనక రాసుకుని, ఎంఎంటీఎస్ రైల్లో నిలబడి బట్టీపట్టింది కల్పలత. ఆమెతోపాటు పరీక్ష రాసిన పదకొండుమందిలో ఎక్కువమంది విదేశాల్లో చదివొచ్చిన పిల్లలు. పాసైనవాళ్లు నలుగురు, ఆ నలుగురిలో మొదటి మార్కు ఆమెది. ఆ రోజు నుంచి పెద్ద పెద్ద పేర్లు నోట్లో వేసుకుని నమిలేవాళ్లంటే ఆమెకు భయం పోయింది. భయం ఉన్నచోట చులకన వచ్చి కూర్చుంది.

సత్యదేవ్ ఆ క్లబ్బు కమిటీ మెంబరు. భీమవరం వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఇక్కడ ఇళ్లు కట్టి అమ్ముతున్నాడు. బొల్లారం దాటాక కొత్తగా విల్లాలు వేస్తున్నాడు. పేరు గ్రాండ్ క్రూ ఎన్‌క్లేవ్. ఆ ఐదు తరగతుల తోటలను ఫ్రెంచిలో పిలిచే పేరే గ్రాండ్ క్రూ. విల్లాలు సరిగ్గా అరవై ఒకటి. వాటికీ ఐదు తరగతులు. గేటు దగ్గరి ఐదూ మొదటి తరగతి, వెనక మురికి నాలా పక్కనున్నవి ఐదో తరగతి. ప్రారంభోత్సవం రోజు చేతిలో గ్లాసు పట్టుకుని బోర్డో గురించి పావుగంట మాట్లాడాలని ఆయన ముచ్చట. అందుకని క్లబ్బు సెక్రటరీ కల్పలతను పిలిచి, ఆమె సెలవురోజైన మంగళవారాలు ప్యారడైజ్ దగ్గరున్న సత్యదేవ్ ఆఫీసుకు వెళ్లి నేర్పమన్నాడు. కాదనే వీలు లేదు. నిజం చెప్పాలంటే కాదనాలనీ లేదు. అలాంటి మనిషి తన ముందు తడబడుతుంటే చూడాలనిపించింది.

చూసింది కూడా. ఆయనకు పేర్లు కావాలి, అంతే. లాఫీట్, లాతూర్, మార్గో అని మొదటి తరగతి ఐదింటినీ వేళ్లు మడిచి చెప్పుకునేవాడు. నేల గురించి ఎత్తితే ఫోను తీసేవాడు.

"నది ఎడమ ఒడ్డున గులకరాళ్ల నేల సార్. నీళ్లు నిలవవు. పగటి ఎండను రాళ్లు దాచుకుని కాయకు ఇస్తాయి. కుడి ఒడ్డున బంకమన్ను, సున్నపురాయి. అందుకే అక్కడ వేరే రకం ద్రాక్ష."

"మట్టి సంగతి మనకెందుకమ్మా? గ్లాసులో మట్టి ఉండదుగా!" అని తన జోకుకు తానే నవ్వుకున్నాడు. పక్కన కూర్చున్న మార్కెటింగ్ మేనేజర్ యామిని కూడా నవ్వింది. జీతం తీసుకున్నందుకు నవ్వాలి మరి.

ఈయన్ను ఒక్కసారైనా కింద పడెయ్యాలని కల్పలత ఆ వారం ఇంకో మాట బయటపెట్టింది. "అసలా ర్యాంకులు నేలను చూసి ఇచ్చినవి కాదు సార్. తాగి చూసి ఇచ్చినవీ కాదు. ఏ వైన్ ఎంత రేటుకు పోతుందో చూసి దళారులు రాసిన జాబితా. నూట డెబ్భై ఏళ్లయినా కింది తరగతి నుంచి మొదటి తరగతికి ఎక్కింది ఒకే ఒక్కటి."

ఆయన మొహం మాడుతుందనుకుంది. మొహం వెలిగిపోయింది.

"రేటు చూసే ర్యాంకా! అదీ లెక్క! మన పద్ధతే కదమ్మా యామినీ! రాసుకో, రాసుకో."

ఈ మనిషిని అవమానించడం కూడా చేతకాదే అనుకుంటూ కల్పలత మెట్లు దిగింది.

ఇంటికెళ్లి తల్లి ముందు సత్యదేవ్‌లా పొట్ట ముందుకు పెట్టి నడిచి చూపించింది. తల్లి బుచ్చమ్మకు అరవై ఎనిమిదేళ్లు. చిక్కుడుకాయలు ఒలుస్తూ నవ్వింది గానీ, నవ్వు మధ్యలో ఆపింది.

"గులకరాళ్ల నేలనా వాళ్లది? గట్లనే ఉండాలె. ద్రాచ్చకు తడి నిల్వద్దు. నిలిస్తే ఆకు మస్తుగొస్తది, కాయ నీళ్లనీళ్లయితది. జెర తక్లీఫ్ పడితేనే తీగె కాయిస్తది."

కల్పలత నడక ఆపేసింది. వంద పేజీలు చదివి, ఫ్రెంచివాళ్ల రహస్యమని పరీక్షలో రాసొచ్చిన ముక్క అది. బుచ్చమ్మ ఇరవై ఏళ్లు మేడ్చల్ లైనులో పొద్దుటి ప్యాసింజరెక్కి ద్రాక్షతోటల్లో కూలికి వెళ్లింది. ఆ విషయం కల్పలతకు తెలుసు. క్లబ్బులో ఎవరికీ చెప్పలేదు. అమ్మ ఏం చేసేదని ఎవరైనా అడిగితే ఇంట్లోనే అనేది. పరీక్షకు చదివిన ఆరు నెలల్లో ఒక్కరోజైనా తల్లిని ఒక్క మాట అడగలేదు. సత్యదేవ్ మీద పెట్టుకున్న చులకనలో కొంత తన మీదికి తిరిగినట్టయింది. ఆమె గబగబా చీర మార్చుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ప్రారంభోత్సవం ఆగస్టులో ఒక ఆదివారం మధ్యాహ్నం. వైన్ పోయడానికి క్లబ్బు నుంచి ఆరుగురిని పంపారు, వాళ్లకు పెద్ద కల్పలతే. వ్యాను దిగి గేటు దాటగానే ఆమెకు వరసగా పాతిన రాతి కడీలు కనిపించాయి. ద్రాక్ష పందిరికి నిలబెట్టే కడీలు. వాటికి తెల్లరంగు పూసి, రంగుదీపాలు చుట్టారు. వాటి మొదట్లో నాసిక్ నుంచి తెప్పించిన పదకొండు ద్రాక్ష మొక్కలు. చుట్టూ లారీల్లో తెచ్చిపోసిన నల్లమన్ను, దాని మీద పచ్చగడ్డి. ఆ తడి మన్నులో మొక్కల ఆకులు అప్పటికే పసుపెక్కి ఉన్నాయి.

ఆమె పక్కకెళ్లి తల్లికి ఫోన్ చేసింది. "అమ్మా, నువ్వు పనిచేసిన తోట ఏడుండె?"

"ఒక్కటా? ఆఖరిది బొల్లారం దాటినంక, సగం కొట్టేసిన గుట్ట పక్కపొంటి. ఎందుకే?"

కల్పలత తలెత్తింది. సగం కొట్టేసిన గుట్ట ఎదురుగానే ఉంది.

సత్యదేవ్ మైకు తీసుకున్నాడు. షాటో అనే మాట పన్నెండుసార్లు అన్నాడు, తప్పు లేకుండా. ఐదు పేర్లూ వేళ్లు మడిచి చెప్పాడు. చప్పట్లు పడ్డాయి. అప్పుడు మొదటి వరసలోంచి కుసుమకుమారి గారు చెయ్యెత్తారు. వ్యవసాయ విశ్వవిద్యాలయంలో నేలల గురించి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, క్లబ్బు మెంబరు.

"ఒక సందేహమండీ. ఆ ఎస్టేట్లు గొప్పవయ్యింది నేలవల్ల అంటారు కదా. మరి మీ నేల ఎలాంటిది?"

సత్యదేవ్ నవ్వాడు. "ఏ వన్ నేలండీ. క్లియర్ టైటిల్." ఎవరూ నవ్వకపోయేసరికి కళ్లతో కల్పలతను వెతికాడు. "మా కల్పలత చెప్తుంది. మావాళ్లందరికీ ట్రైనింగ్ ఇప్పించాను."

సీసా పట్టుకుని నిలబడ్డ కల్పలతకు 'ఇప్పించాను' అన్న మాట చురుక్కుమంది. ముందుకొచ్చి మైకు అందుకుంది.

"ఇది ఎర్రమొరం నేల మేడమ్, నీళ్లు నిలవవు. ద్రాక్షకు బంగారం లాంటిది. ఇక్కడ నిజంగానే తోట ఉండె. ఆ కడీలు ఆ తోటవే. మా అమ్మ బుచ్చమ్మ ఇక్కడ కూలి పని చేసింది. ఇప్పుడు దీని మీద అడుగున్నర నల్లమన్ను పోసిన్రు, గడ్డి కోసం. ఆ పదకొండు మొక్కలు నెల దాటవు. బోర్డోల ఈ పని చేస్తే తోటమాలిని ఆ రోజే ఇంటికి పంపుతరు."

ఆవేశంలో ఇంటి మాట బయటికొచ్చిందని ఆమెకు తెలుస్తూనే ఉంది. ఆపుకోలేదు. ఎవరో గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. ఉద్యోగం పోయినట్టేననుకుంది కల్పలత. పోతే పోనీ అనుకుంది.

సత్యదేవ్ చేతులు పైకెత్తి చప్పట్లు కొట్టాడు. "విన్నారా! ఒరిజినల్ ద్రాక్షతోట! ఇది నేను చెప్పింది కాదు, ఆ తోటలో పనిచేసిన తల్లి కూతురు చెప్పింది!"

జనం కూడా కొట్టారు. కుసుమకుమారి గారు ఒక్కరే కొట్టలేదు.

పదిరోజుల్లో లోతుకుంట దగ్గర పెద్ద బోర్డు వెలిసింది. 'నాటి ద్రాక్షతోట, నేటి గ్రాండ్ క్రూ.' నల్లమన్ను మాట అందులో లేదు. ఆ సాయంత్రమే యామిని ఫోన్ చేసింది. "కల్పలత గారూ, మీ మదర్‌ని ఒకసారి తీసుకురాగలరా? చిన్న వీడియో. కొంచెం ఎమోషనల్‌గా ఉంటుంది." ఇన్నాళ్లూ కల్పలత అన్న మనిషి ఇప్పుడు గారు తగిలించింది.

"రాదు," అని పెట్టేసింది కల్పలత.

"ఎందుకు రాను?" అంది బుచ్చమ్మ పక్కనుంచి. "మంగళారం నీకు సెలవే గద. పోదాం పా. జాగ చూసి ఎన్ని దినాలాయె."

"నిన్ను బొమ్మలెక్క నిలబెడ్తరమ్మా వాళ్లు."

"నిలబెడితే నిలబడే దాన్నా నేను?"

వెళ్లారు. కెమెరా అబ్బాయి తీగకు నల్లద్రాక్ష గుత్తులు దారంతో కట్టి సిద్ధంగా ఉంచాడు, మోండా మార్కెట్లో కొన్నవి. బుచ్చమ్మ దగ్గరికెళ్లి దారాన్ని వేలితో లాగి చూసింది.

"గిదేందీ?"

"షాట్ కోసం అమ్మా. మీరు ఈ గుత్తి పట్టుకుని, పాత రోజులు గుర్తొచ్చినట్టు..."

"గీ కాలంల కాయేడిది? మాఘం పోయినంక గద కాయ!" ఆమె గుత్తులన్నీ తెంపి, గోడ కడుతున్న కూలీల చేతుల్లో పెట్టేసింది. తర్వాత మొక్క మొదట్లో వేలు దించి మన్ను వాసన చూసింది. ఆమె ముఖంలో కోపం కల్పలత ఎప్పుడూ చూడనంత. "గోతిల కుండ దించినట్టు దించిన్రు. మురిగిపోయినయ్ ఏర్లు. ఎవడు పెట్టిండు వీటిని? వానికి చేతులున్నయా?"

కూలీల దగ్గర గడ్డపార, పార అడిగి తీసుకుంది. కొంగు బిగించి నల్లమన్ను తోడడం షురూ చేసింది. కెమెరా అబ్బాయి యామినిని చూశాడు. యామిని ఫోన్ చేసింది. పావుగంటలో సత్యదేవ్ కారు దిగి, తవ్విపోసిన గడ్డిని చూసి నిలబడిపోయాడు.

"అమ్మా, లాన్ అంతా పాడవుతుంది... ఏంటమ్మా ఇది?"

బుచ్చమ్మ తల పూర్తిగా ఎత్తలేదు. "జెర పక్కకు జరుగు బిడ్డా. నీ బూటు కిందే ఏరుంది."

ఆయన జరిగాడు. గులకరాళ్లు తెప్పించమంటే మనిషిని పంపించాడు కూడా, ఎందుకు పంపిస్తున్నాడో తెలియకుండానే. కల్పలత నాలుగు వారాలు కష్టపడి చేయలేనిది ముసలావిడ ఒక్క మాటతో చేసింది. బుచ్చమ్మకు ఆయన మీద చులకన కూడా లేదు. ఆయన అడ్డంగా ఉన్నాడు, అంతే. కల్పలత కొంగు దోపుకుని పార అందుకుంది.

వీడియో రాలేదు. విల్లాలు మాత్రం అరవై ఒకటీ అమ్ముడుపోయాయి, నాలా పక్కవి కూడా. క్లబ్బులో ఎవరూ కల్పలతను ఏమీ అనలేదు. సత్యదేవ్ ఆమెను ఇప్పుడు అతిథులకు మా సొమెలియే, అంటే వైన్ల నిపుణురాలు, అని పరిచయం చేస్తాడు. ఆ మాటా తప్పుగానే పలుకుతాడు. ఆమె దిద్దడం మానేసింది.

పదకొండు మొక్కల్లో ఏడు బతికాయి. మరుసటి అక్టోబరులో కత్తిరింపు వేళకు బుచ్చమ్మ ఎవరూ పిలవకుండానే బయల్దేరింది. వాచ్‌మన్ గేటు తీశాడు. కత్తెర కూతురి చేతికిచ్చి, ఒక తీగ చూపించింది. కల్పలత పుస్తకంలో చదివినట్టే కొలత చూసుకుని, వంచి, కత్తిరించింది.

బుచ్చమ్మ తెగిన కొమ్మను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మొలకొచ్చే కన్ను మీదికెళ్లి కోస్తరానే ఎవలన్న? ఇంత పైన కొయ్యాలె. మొదటి మార్కంట! ఎవలేసిన్రే నీకు మార్కులు?" అని కత్తెర లాక్కుంది.