తడిమెట్టు

వెర్నెల్ మోకాళ్ళ కింద పాత తువ్వాలు మడిచి వేసుకుని, రెండో మెట్టు మీద తోమే పొడి చల్లి గరుకురాయితో రుద్దుతోంది. పక్కన బకెట్లో నీళ్ళు అప్పటికే పాలరంగుకి తిరిగాయి. లోపలి నుంచి భర్త రోస్కో కేక వేశాడు.

"వెర్నీ, నా కమిటీ చొక్కా ఎక్కడ పెట్టావ్?"

"ఇస్త్రీ బల్ల మీద."

"ఇస్త్రీ చేశావా?"

"ఇస్త్రీ బల్ల మీద ఉందంటే ఇంకేం చేసుంటాను?"

పక్క కిటికీలోంచి అత్తగారు ఒడెస్సా అందుకుంది. "వాడితో మాటల్లో పడి చెయ్యి అడ్డంగా పోనిస్తున్నావు. రాతిలో చార ఎటుంటే అటే రుద్దాలి. మెట్టు కడగడం కూడా చేతకాని పిల్లని తెచ్చుకున్నాడు నా కొడుకు."

పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటినా, తలలో తెల్ల వెంట్రుకలు వచ్చినా, వెర్నెల్ ఆ కిటికీకి ఇంకా చేతకాని పిల్లే. ఒకప్పుడు ఆ మాటకి కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. ఇప్పుడు నవ్వొస్తోంది. రాయిని చార వెంబడి తిప్పి రుద్దింది.

పశ్చిమ బాల్టిమోర్‌లోని ఈ వీధిలో ఇళ్ళన్నీ రైలుపెట్టెల్లా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ప్రతి ఇంటికీ వీధిలోకి దిగే తెల్లటి పాలరాతి మెట్లు. ఇంట్లో కప్పు కారినా ఎవరూ ఏమీ అనుకోరు, మెట్లు నల్లబడితే మాత్రం ఆ ఇంటి ఆడదాని గురించి వీధంతా చెప్పుకుంటుంది. ఒడెస్సా చిన్నతనంలో ఊరికి అటువైపు తెల్లవాళ్ళ ఇళ్ళ మెట్లు కూలికి కడిగి, సాయంత్రం ఇంటికొచ్చి మళ్ళీ తన మెట్లు కడిగేదట. తడిమెట్టు మీద ఎవరైనా కాలు పెడితే చీపురు తిరగేసి పిక్కల మీద ఒక్కటిచ్చేది. ఒక్క ఒడెస్సా అనేమిటి, ఈ వీధిలో అమ్మమ్మలూ నాయనమ్మలూ అందరూ అంతే. ఇక్కడ పెరిగిన పిల్లలు బళ్ళో నేర్చిన ఎక్కాలు మర్చిపోతారేమో గాని ఇది మర్చిపోరు. తడిమెట్టు కనబడితే ఎత్తిన కాలు దానంతటదే ఆగిపోతుంది.

రోస్కో చర్చిలో పురుషుల శాంతి కమిటీకి అధ్యక్షుడు. తమ్ముడు లమాంట్‌ని వీధి మూలమీద ఎవరో కాల్చి చంపినప్పటి నుంచి అతను ఆ పని మీదే ఉన్నాడు. ఆ దుఃఖం నిజమైనదని వెర్నెల్‌కి తెలుసు. స్నానాల గదిలో కుళాయి తిప్పి వదిలేసి అతను ఏడవడం తలుపు ఇవతల నిలబడి విన్న మనిషి ఆమె. మైకు పట్టుకుంటే బాగా మాట్లాడతాడు కూడా. కాని ప్రతి ఊరేగింపు వెనకా చర్చి నేలమాళిగ ఉంది, నేలమాళిగలో పొయ్యి ఉంది, పొయ్యి ముందు వెర్నెల్ ఉంది. వారమంతా వృద్ధుల ఆశ్రమంలో దుప్పట్లు ఉతికి, శనివారం కమిటీవాళ్ళ పసుపు చొక్కాలు ఉతికి, బ్యానరుకి అంచులు కుట్టి, బంగాళాదుంపలు ఒలిచి, చికెన్ వేయించి, చివర గిన్నెలు తోమి ఇంటికొచ్చేసరికి, టీవీలో రోస్కో మాట్లాడుతూ ఉండేవాడు. "సిస్టర్ వెర్నెల్ చికెన్ లేకపోతే మన ఉద్యమమే లేదు" అనేవారు పాస్టర్ గారు. అందరూ నవ్వి చప్పట్లు కొట్టేవారు. ఆమె కూడా తడిచేతులతో నిలబడి నవ్వేది. ఒకసారి సమావేశంలో లేచి, "మన ఊరేగింపులన్నీ మధ్యాహ్నం పెడుతున్నాం, అప్పుడు ఆ మూలమీద పిల్లి కూడా ఉండదు, కుర్రాళ్ళు వచ్చేది పొద్దు వాలాక" అంది. "ఆ సంగతి తర్వాత చూద్దాం వెర్నీ, ముందు కాఫీ ఎలా ఉందో చూడు" అన్నాడు రోస్కో. ఆమె వెళ్ళి చూసింది. కాఫీ బాగానే ఉంది.

ఇవన్నీ ఒక ఎత్తు. "మరి అమ్మని ఎవరు చూస్తారు?" అనే రోస్కో ప్రశ్న ఒక్కటీ ఒక ఎత్తు. లమాంట్‌ని పూడ్చిపెట్టి వచ్చిన రోజు నుంచి ఒడెస్సా ఇంటి గడప దాటలేదు. డాక్టరు కావలసి వచ్చినా ఇంటికే రావాలి. వీధి మూల కనబడకుండా కుర్చీ రెండోవైపు తిప్పించుకుని, మెత్త వేసుకుని కూర్చునేది. వెర్నెల్ చెప్పులు వేసుకుంటే చాలు, చెల్లెలింటికైనా, పాటల సాధనకైనా, పక్కింటి టీష వేయించే చేపల కోసమైనా, ఆ ప్రశ్న తలుపు దగ్గరకొచ్చి నిలబడేది. అడిగినవాడికి జవాబు ముందే తెలుసు. ఆ జవాబు పేరు వెర్నెల్.

పోయిన నెలలో ఒక పొరపాటు జరిగింది.

చివరి నుంచి రెండో ఇంట్లో ఉండే మిస్ యూలాకి తుంటి ఎముక ఆపరేషన్ అయింది. తన మెట్లు నల్లబడుతున్నాయని ఆవిడ మంచంలో పడుకుని బెంగపెట్టుకుంటే, వెర్నెల్ ఒక సాయంత్రం తన మెట్లు కడుక్కున్నాక బకెట్ పట్టుకుని అక్కడికెళ్ళింది. తల వంచుకుని రుద్దుతూ ఏదేదో ఆలోచించుకుంది. చెల్లెలి కూతురి పెళ్ళికి వెళ్ళాలి, వెళ్తే అమ్మని ఎవరు చూస్తారు, అసలు తనకి అరవై వచ్చాక తనని ఎవరు చూస్తారు. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. మెట్లన్నీ ఒక్కలాగే ఉంటాయి కదా, బకెట్ జరుపుకుని, మోకాళ్ళ మీదే పక్కకి జరిగి, నీళ్ళు కుమ్మరించి పొడి చల్లింది. అప్పుడు కళ్ళ ముందు పెద్ద పెద్ద తెల్ల బూట్లు కనబడ్డాయి.

అది మూల ఇల్లు. ఎవరూ ఉండరు, కిటికీలకి చెక్కలు కొట్టేసి ఉంటాయి. దాని మెట్ల మీద పొద్దు వాలేసరికి టెవిన్, వాడి జట్టు చేరతారు. వాళ్ళ నడుముల దగ్గర ఏముంటుందో అందరికీ తెలుసు. లమాంట్ పడిపోయింది ఆ మెట్ల ముందే.

టెవిన్ అప్పటికే లేచి నిలబడ్డాడు, బూట్ల మీద నీళ్ళు పడ్డాయి. "మిస్ వెర్నెల్, ఇది మీ మెట్టు కాదండీ."

"నాకు తెలుసు," అంది ఆమె, ఆ క్షణం దాకా తెలియకపోయినా. "కాలు తియ్యి."

వాడు తీశాడు. మిగిలినవాళ్ళూ కాలిబాట మీదకి దిగారు. ఆమెకి లేచి పారిపోవాలనిపించింది గాని మోకాళ్ళు లేవనివ్వలేదు, అందుకని రుద్దింది. ఏళ్ళనాటి మసి నల్లటి చారల్లా కారింది. దాని కింద నుంచి తెలుపు బయటపడింది. ఒకడు అలవాటుగా కాలు పైకెత్తబోతే టెవిన్ వాడి చొక్కా పట్టుకు లాగాడు. "ఒరేయ్, తడిగా ఉంది, కళ్ళు కనబడట్లేదా? మీ నాయనమ్మ పెంచలేదా నిన్ను?"

పోలీసులకి భయపడని వాళ్ళు, ఎగువ వీధివాళ్ళ తుపాకులకి భయపడని వాళ్ళు, తడిమెట్టు ముందు చేతులు జేబుల్లో పెట్టుకుని ఇబ్బందిగా అటూ ఇటూ కదిలారు. ఆరుతుందేమోనని కాసేపు చూశారు. ఆరబోతుంటే వెర్నెల్ మళ్ళీ నీళ్ళు పోసింది. కూర్చునే చోటు లేక ఒక్కొక్కడే విసుగ్గా ఇంటిదారి పట్టాడు. ఆ సాయంత్రం ఆ మూల ఖాళీ అయింది.

ఆమె ఇంటికొచ్చి స్నానాల గదిలో కుళాయి తిప్పి, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. టీషకి చెప్తే టీషకి ఎక్కిళ్ళొచ్చాయి. "అయితే రేపు నేనూ వస్తా. నా దగ్గర పెద్ద బకెట్ ఉంది" అంది టీష.

తర్వాత ఆ మెట్టు ఆరలేదు. పొద్దు వాలిన దగ్గర నుంచి వీధి దీపాలు వెలిగే దాకా ఎవరో ఒకరు వంతు వేసుకుని కడిగేవారు. కడిగేవాళ్ళ కోసం మడత కుర్చీలు, కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ కోసం రేడియో వచ్చాయి. మిస్ యూలా చేతికర్ర ఊపుతూ మురికి ఎక్కడ మిగిలిందో చూపించేది. గుర్రబ్బండి మీద పుచ్చకాయలమ్మే ముసలాయన గంటలు మోగించుకుంటూ వచ్చి అక్కడే బండి ఆపడం మొదలుపెట్టాడు. నిలబడ్డ కుర్రాళ్ళ చేతుల్లో కూడా పుచ్చకాయ ముక్క పెట్టేవారు. ముక్క చేతిలో ఉన్నవాడు ఏదో ఒకటి మాట్లాడాలి కదా. మొదట ఎండ గురించి, తర్వాత ఉద్యోగం గురించి, ఒకసారి టెవిన్ నిద్ర పట్టకపోవడం గురించి కూడా మాట్లాడాడు. ఆ మూలమీద తుపాకీ మోత వినబడి నెల దాటింది.

ఒడెస్సా మాత్రం ఒక్క మంచి మాట అనలేదు. కుర్చీ మూలవైపు తిప్పమంది, వెలుతురు చాలట్లేదని. "ఆ మూల మెట్టుకి అంచులు వదిలేస్తున్నారు మీరు" అంది ఒక రోజు. ఇంకో రోజు, "పొడి దండగ. నీళ్ళెక్కువ, చేతిబలం తక్కువ" అంది.

ఇంతలో టెవిన్ చిన్నాన్న కొడుకు ఖలీల్‌ని ఎగువ వీధి వాళ్ళు ఎక్కడో అటువైపు కాల్చారు. ప్రాణం దక్కింది. ఇవాళ ఆసుపత్రి నుంచి ఇంటికొస్తున్నాడు. మూడింటికి మూలమీద కలుసుకుని అక్కడి నుంచి పగ తీర్చుకోవడానికి ఎగువ వీధికి వెళ్ళాలని టెవిన్ జట్టు అనుకుంటున్నట్టు వీధిలో అందరి చెవినా పడింది. పొద్దున్నే టీష వచ్చింది. "ఎగువ వీధి నాయనమ్మలతో మాట్లాడాను. వాళ్ళూ బకెట్లతో వస్తామన్నారు. రెండు వైపుల ముసలమ్మలూ ఒకే మెట్టు కడుగుతుంటే ఏ వెధవ దాటుకుని పోతాడో చూద్దాం. నువ్వు మాత్రం లేకపోతే కుదరదు. టెవిన్ కాలు తీసింది నీ మాటకే."

ఇవాళే మూడింటికి కమిటీ ఊరేగింపు కూడా ఉంది, నగరం నడిబొడ్డున, టీవీ వాళ్ళ ముందు. "మన మెట్ల కార్యక్రమం గురించి చెప్తాను," అన్నాడు రోస్కో రాత్రి భోజనం దగ్గర. "మన కమిటీదే అని చెప్తాను. నీ పేరు కూడా చెప్పమంటావా?"

"వద్దు. నువ్వు మూలమీదకి రా, చాలు."

"నేనొచ్చి మెట్లు కడగాలా?" అని అతను హాయిగా నవ్వాడు.

వెర్నెల్ కింది మెట్టు కూడా ముగించి, శుభ్రమైన నీళ్ళు కుమ్మరించింది. మూడు మెట్లూ ఎండలో మెరిశాయి. తడిమెట్టు తొక్కకుండా పక్కనుంచి ఇనుప కమ్మీ పట్టుకుని ఎక్కి, రాయిని కిటికీ గట్టు మీద పెట్టి, లోపలికి వెళ్ళింది.

వంటింట్లో రోస్కో పసుపు చొక్కాలో మెరిసిపోతూ, మజ్జిగలో నానుతున్న చికెన్ తొట్టెలోకి తొంగి చూస్తున్నాడు. "ఇంకా నూనె పెట్టలేదేం? రెండు దాటింది."

వెర్నెల్ చేతులు తుడుచుకుని, పిండి డబ్బా తీసి అతని ముందు పెట్టింది. "మిరియాలూ ఉప్పూ కలిపేశాను. నూనె కాగిందో లేదో చిటికెడు పిండి వేసి చూసుకో. బుసబుసమంటే కాగినట్టు. ముక్కలన్నీ ఒకేసారి వెయ్యకు."

"నాకు చెప్తున్నావేంటి?"

"ఇవాళ నువ్వు వేయించుకో. నేను మూలమీదకి వెళ్తున్నాను."

అతను నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగిపోయాడు. "నాకేం తెలుసు వెర్నీ ఇవన్నీ?"

"నాకూ తెలియదు పెళ్ళయిన కొత్తలో. చేతులు కాల్చుకుని నేర్చుకున్నా."

"అక్కడ ఇవాళ ఏం జరుగుతుందో నీకు తెలుసా? తుపాకులతో వస్తారు వాళ్ళు. నువ్వెళ్ళి ఏం చేస్తావ్? రుద్దుతావా?"

"రుద్దుతాను."

"లమాంట్ అక్కడే కదా పోయాడు."

"అక్కడే," అంది వెర్నెల్ మెత్తగా. అతని చొక్కా కాలరు ఒక పక్క ముడుచుకుని ఉంటే సరిచేసింది, ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉంచింది. "మా ఆడవాళ్ళం నెల రోజులుగా అక్కడే కూర్చుంటున్నాం. నీకు ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు రా. చికెన్ కూడా పట్టుకురా. కుర్రాళ్ళకి ఆకలెక్కువ."

రోస్కో పిండి డబ్బాలో చేతులు పెట్టి, పిండి కెలుకుతూ ఆమె వైపు చూశాడు. ఇక ఏ మాటా దొరకనప్పుడు ఎప్పుడూ దొరికే మాటే దొరికింది.

"మరి అమ్మని ఎవరు చూస్తారు?"

వెర్నెల్ నోరు తెరిచింది. ఈసారి జవాబు చెప్పాలనే అనుకుంది. కాని ముందుగది నుంచి గాలి వీచింది, వీధి తలుపు తీసి ఉన్నప్పుడు వచ్చే గాలి. ఇద్దరూ అటు తిరిగారు. కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద మెత్త లేదు. కిటికీ గట్టు మీద రాయి లేదు.

వెర్నెల్ గుమ్మం దాకా పరుగెత్తింది. వెనక రోస్కో, చేతినిండా పిండితో.

జీవితంలో ఎవరినీ తడిమెట్టు మీద కాలు పెట్టనివ్వని మనిషి ఇంటి చెప్పుల గుర్తులు మూడు మెట్ల మీదా ఉన్నాయి. చంకలో మెత్త, చేతిలో గరుకురాయి, ఇంకో చేత్తో ఒక్కో ఇంటి ఇనుప కమ్మీనీ పట్టుకుంటూ, ఎవరికీ ఒక్క మాట చెప్పకుండా, వెనక్కి తిరిగి చూడకుండా, ఒడెస్సా మూల ఇంటి వైపు నడుస్తోంది.