ఓబులేసు కిటుకు

నేను ఒక ప్లగిన్‌ని. ఒంటరిగా నిలబడే శక్తి నాకు లేదు. బొమ్మలు గీసే ఒక పెద్ద సాఫ్ట్‌వేర్‌కు అతుక్కుని బతుకుతాను. దాన్ని ఏయే దేశాల వాళ్ళో కలిసి రాసి, ఎవరైనా వాడుకోండని వదిలేశారు. నా పని చిన్నదే. చీర అంచు బొమ్మను చూసి, జకార్డ్ మగ్గానికి కట్టే అట్టల్లో ఎక్కడెక్కడ చిల్లులు పడాలో గళ్ళు గీసి చెబుతాను. అయినా నేను ఒక్కరోజు మొరాయిస్తే ధర్మవరంలో నాలుగు వీధుల వాళ్ళకు కాళ్ళూచేతులూ ఆడవు.

నన్ను రాసింది రేష్మా, పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. నాకు బుద్ధి నేర్పింది మాత్రం జింకా ఓబులేసు. నలభై ఏళ్ళు గ్రాఫ్ కాగితం మీద పెన్సిల్‌తో డిజైన్లు వేసిన మనిషి. జరీ పోగు చీర వెనక పొడుగ్గా వేలాడితే గాజుకు తగులుకుని ఊడొస్తుంది. దాన్ని ఎన్ని పోగులకొకసారి, ఏ మూలన కట్టెయ్యాలో ఆయనకు తెలుసు. కన్నకొడుకులకు కూడా చెప్పని ఆ కిటుకును, చూపు మందగించాక రేష్మాకు చెప్పాడు. చెప్పి, "మా ఊరి చేనేత వాళ్ళకు తప్ప ఎవరికీ ఇవ్వరాదు" అని నా నెత్తిన లైసెన్స్ రాయించాడు. కింద ఇద్దరి పేర్లు.

ఆరేళ్ళు దర్జాగా గడిచాయి. అప్పుడు పెద్ద సాఫ్ట్‌వేర్ వాళ్ళు లోపలి కట్టడమంతా మారుస్తున్నామన్నారు. కొత్త వెర్షన్‌లో నేను తెరుచుకోను. నన్ను మళ్ళీ రాయడం రేష్మా ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. సాయం అడిగితే జవాబు వచ్చింది: "మాకు ఇచ్చేయండి, మా దాంట్లో కలుపుకుని మేమే చూసుకుంటాం. కానీ లైసెన్స్ మాదే ఉండాలి. రాసినవాళ్ళంతా ఒప్పుకోవాలి."

రేష్మా ల్యాప్‌టాప్ పట్టుకుని ఓబులేసు ఇంటికి వెళ్ళింది. నేను అందులోనే ఉన్నాను.

"కొత్త లైసెన్స్ ఏం చెప్తాది పాపా?"

"ఎవరైనా వాడుకోవచ్చన్నా. మార్చుకోవచ్చు. అమ్ముకోవచ్చు గూడా."

"పవర్‌లూమోడు?"

అబద్ధమాడితే పని సులువుగా అయిపోయేది. రేష్మా ఆడలేదు.

"వాళ్ళు గూడా."

"మా చీరలకు నకలు కొట్టి మా నోటికాడి కూడు లాక్కున్నోడికి, నా కిటుకు నేనే చేతిలో పెట్టి పంపేదా? కుదర్దు పో."

ఆమె లేచి గడప దాకా వెళ్ళి ఆగింది. "ఒక మాట మిగిలిందన్నా. దీన్ని మార్చి ఇంకొకరికి ఇచ్చేవాళ్ళు ఆ మార్పు దాచుకోకూడదు. తీసుకున్నోళ్ళకు చూపాల."

"అంటే వాడు కనిపెట్టింది మనకొస్తాది?"

"రావచ్చు. ఖాయంగా వస్తాదని చెప్పను."

"మా నాయన నాకు సగమే చెప్పిపోయినాడు పాపా. మిగతా సగం నేను చీరలు చెడగొట్టి నేర్చుకుంటి" అన్నాడు ఓబులేసు. "నేను ఒప్పుకున్నానని రాసుకో."

పాత వాక్యం పోయి కొత్త లైసెన్స్ వచ్చింది. మూడు నెలలపాటు ముక్కూమొహం తెలియని వాళ్ళు నాలో తప్పులు వెతికారు. ఒకాయన కోడ్ వరుసల మధ్య ఖాళీల గురించే రెండు వారాలు పోట్లాడాడు. మనుషులకు ఉన్నదాని మీదకంటే లేనిదాని మీదే పట్టుదల ఎక్కువ. అన్నీ దాటుకుని పెద్ద ఇంట్లో అడుగుపెట్టాను.

ఏడాది తిరక్కముందే గుజరాత్ నుంచి ఒక ఉత్తరం. రాసింది హీనాబెన్ అనే డిజైనర్, పనిచేసేది పవర్‌లూమ్‌లోనే. "మీ కట్లన్నీ ఒకే గీతలో పడుతున్నాయి. పెద్ద పువ్వుల్లో ముందువైపు సన్నటి చార కనిపిస్తోంది. వరుస వరుసకూ కట్టును ఒక్కో పోగు పక్కకు జరిపితే పోయింది." దిద్దిన కోడ్ కూడా జతచేసింది.

ఓబులేసు మొహం కందగడ్డయింది. "నలభై ఏండ్లు నేను చేసింది తప్పంటాదా ఆ యమ్మ?" రెండు రోజులు రేష్మాతో మాట్లాడలేదు. మూడోనాడు తనంతట తనే ఆ మార్పుతో అట్టలు కొట్టించి, జానెడు అంచు నేయించాడు. ఎండలో పట్టుకుని, భూతద్దం పెట్టి, అటూ ఇటూ తిప్పి చూశాడు. చార లేదు.

"ఆ యమ్మ పేరు గూడా ఎక్కించు పాపా, నా పేరు కింద."

"కిందనేనా అన్నా?"

"మరి? తప్పు చేసినోడు ముందుంటేనే గదా, దిద్దేవాళ్ళు తర్వాత వచ్చేది!"