తాబేలు అన్న మాట

ఆదివారం పొద్దున్నే టీచరమ్మ దగ్గర్నుంచి ఫోనుకు మెసేజ్ వచ్చింది. "లెక్కల యాప్‌లో మీ పాప నలభై లెక్కలకు ముప్ఫై ఒకటి తప్పు చేసింది. ఈరోజు కూడా ఇలాగే ఉంటే రేపట్నుంచి చిన్నపిల్లల గ్రూపులో కూర్చోబెడతాను."

నాకు ఒళ్ళు మండింది. నాకు ఒళ్ళు మండడానికి పెద్ద కారణం అక్కర్లేదనుకోండి. ఈ వీధిలో దర్జీలం ముగ్గురం ఉన్నాం; నోటి దురుసులో మాత్రం నాకు పోటీ లేదు.

అయినా ఇది నమ్మే మాటేనా? మా బుడంకాయకు ఏడేళ్ళు. కొట్లో నా మిషను పక్కన కూర్చుని బొత్తాలు లెక్కపెట్టి ఇచ్చేది అదే. చొక్కాకి ఏడు చొప్పున ఆరు చొక్కాలకు ఎన్నే అంటే, తలెత్తకుండా నలభై రెండు అంటుంది. అలాంటి పిల్ల చిన్నపిల్లల్లోనా? నాకు తల కొట్టేసినట్టయింది.

పిల్లలు ఆడుకుంటూ నేర్చుకుంటారని బడివాళ్ళు వేయించిన యాప్ అది. తప్పంతా దానిదేనని తేల్చేసుకున్నాను. బుడంకాయ ఫోను పట్టుకుని గుడ్డ తానుల మధ్య కూర్చోగానే, చప్పుడు చెయ్యకుండా వెళ్ళి వెనక నిలబడ్డాను.

మూడు ఎనిమిదులు ఎంత అని అడుగుతోంది తెర. "ఇరవై నాలుగు" అని గొణిగింది పిల్ల. గొణిగి, ఇరవై ఆరు నొక్కింది! వెంటనే తెర మీది తాబేలు డిప్పలోంచి తల బయటపెట్టి, "ఫర్వాలేదు కన్నా, మళ్ళీ చూద్దాం" అంది. బుడంకాయ మొహం చాటంత అయింది.

"ఏంటే ఆ పని? తెలిసి తెలిసి తప్పు నొక్కుతావా?"

ఉలిక్కిపడి ఫోను ఒళ్ళో దాచుకుంది. "ఒప్పు నొక్కితే గంట మోగుతుందంతే నాన్నా. తప్పు నొక్కితేనే తాబేలు కన్నా అంటుంది."

"దాని మొహం! కన్నా అంటే ఏమొస్తుందే?"

"తిట్టదు."

నా చేతిలో కత్తెర ఉంది. బొత్తాల లెక్క ఒక్కటి తప్పితే ఆ కత్తెరతోనే బల్ల మీద టపీమని కొట్టి, "బుర్రెక్కడ పెట్టావే" అని అరిచేది నేనే. ఆ పొద్దున ఒకే చొక్కా చేతిని నేను మూడుసార్లు విప్పి కుట్టాను. నన్నెవరూ ఏమీ అనలేదు. నాకు సిగ్గేసింది.

కత్తెర పక్కన పెట్టి కింద కూర్చున్నాను. "రేపు నిన్ను చిన్నపిల్లల్లో కూర్చోబెడతారటే. తెలిసినవి ఒప్పే నొక్కు. కన్నా అనడం నేనంటాలే."

"నువ్వా?" అని అనుమానంగా చూసింది.

"నేనే. ఏం, నాకు నోరు లేదా?"

నొక్కడం మొదలుపెట్టింది. గంట మోగింది, మళ్ళీ మోగింది, అలా ముప్ఫై రెండు లెక్కల దాకా మోగుతూనే ఉంది. ముప్ఫై మూడోది నిజంగానే తప్పింది. తాబేలు తన మాట తాను చెప్పుకుంది. పిల్ల దానివైపు చూడనేలేదు. బిక్కమొహం వేసి నా మొహంలోకి చూసింది.

గొంతు సవరించుకుని, "ఫర్వాలేదు కన్నా" అన్నాను. మెత్తగానే అన్నాననుకున్నాను. వచ్చింది మాత్రం గిరాకీ మీద కసిరినట్టు వచ్చింది. వీధిలో పోతున్న పెద్దాయన ఆగి మరీ చూశాడు.

ఇంత చిన్న మాట కూడా చేతకాలేదు నాకు. తల దించుకున్నాను.

బుడంకాయ నా మోకాలి మీద చెయ్యి వేసింది. "ఫర్వాలేదు నాన్నా, మళ్ళీ చూద్దాం" అంది.

రెండోసారికి ఆ మాట నా నోట మెత్తగానే వచ్చింది.